సగం వాక్యం దగ్గర ఆపండి

కథ రాద్దామని కూర్చుని, ఖాళీ పేజీ చూడగానే టెన్షన్ పడేవాళ్లకి నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఒకటి చెప్తాను. రాత్రి రాయడం ఆపేటప్పుడు వాక్యం పూర్తి చేయకండి. నిన్న నేను "పంటు దిగగానే అత్తయ్య కొంగు ముడి విప్పి" అని రాసి పెన్నుకి మూత పెట్టేశాను (పంటు అంటే గోదావరి దాటించే పెద్ద పడవ). ఆ ముడిలో ఏముందో నాకు తెలుసు. పొద్దున్న కాఫీ చల్లారేలోపే పేజీన్నర అయిపోయింది. తర్వాత ఏం రాయాలో తెలిసినప్పుడే ఆపాలి, కిటుకంతా అక్కడే ఉంది.

సరుక్కి మన దగ్గర కొదవేముంది! కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరం వైపు గోదావరి దాటేటప్పుడు ఫోన్ జేబులో పెట్టేయండి. చెవిన పడ్డ ఒక్క మాట, ఎవరు ఎలా అంటే అలాగే, చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. మొన్న ఒకావిడ కొబ్బరికాయల బస్తా మీద చెయ్యేసి, "మా లంకలో ఈసారి ఒక్క అరటి గెల మిగల్లేదమ్మా" అంది. నా కథలో అత్తయ్య గొంతు నాకు అక్కడే దొరికింది.

రోజుకో పేజీ చాలు. కోతలకో, పెళ్లిళ్లకో నాలుగు రోజులు గ్యాప్ వస్తే బాధపడకండి. వేసవిలో మన కాలువలు కూడా కట్టేసి, పూడిక తీసి, మళ్లీ ధవళేశ్వరం నుంచి నీళ్లు వదులుతారు కదా. ఆ రోజుల్లో పాత పేజీలు పైకి చదవండి. నోరు తడబడిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.