హైబ్రిడ్ కారు మరమ్మతు, 5వ పాఠం: ఎరేజ్ జోలికి పోకముందు

పోయిన పాఠంలో బండి కంప్యూటర్‌లో ఉండే లోపం కోడ్‌ని స్కానర్‌తో చదవడం చెప్పాను. చదివారు. చదివిన మరుక్షణం చాలామంది స్కానర్‌లో కోడ్లు చెరిపేసే ఎరేజ్ నొక్కేశారు. "ఎర్ర త్రికోణం హెచ్చరిక లైటు పోయింది సార్, మూడు రోజులకి మళ్లీ వచ్చింది, ఇప్పుడేం చేయాలి?" ఇదే ప్రశ్న రకరకాలుగా వచ్చింది. తప్పు నాదే. నొక్కొద్దని విడిగా చెప్పాలని తోచలేదు. అందుకే హైబ్రిడ్ బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ పాఠం ఇవాళ సగానికి కుదించాను.

లైటు వెలిగిన క్షణంలో బండి ఎంత వేగంలో ఉంది, బ్యాటరీ ఎంత వేడెక్కింది, ఎంత కరెంటు లాగుతోంది, ఇవన్నీ కంప్యూటర్ కోడ్‌తో పాటు దాచుకుంటుంది. దీన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఎరేజ్ నొక్కితే అదీ పోతుంది. 12 వోల్టుల బ్యాటరీ టెర్మినల్ ఊడదీసినా చాలా బళ్లలో అంతే. "ఎరేజ్ నొక్కలేదండీ, టెర్మినలే తీశాను" అనేవాళ్లకి వేరే జవాబు లేదు.

రెండో తరం టయోటా ప్రియస్‌నే తీసుకోండి. పి0ఎఎ6 వచ్చిందంటే హై వోల్టేజ్ ఎక్కడో బాడీకి లీకవుతోంది. ఎక్కడన్నది దాని కిందుండే మూడంకెల ఉపకోడ్ చెబుతుంది. 611 ఏసీ వైపు, 612 బ్యాటరీ, 613 ట్రాన్సాక్సిల్ (మోటార్లు, గేర్లు ఉండే పెట్టె), 614 డీసీ లైను. 526 ఒక్కటే ఉంటే ఏ భాగమో ఇంకా తేలలేదన్నమాట. చేతికొచ్చిన 612ని చెరిపేసుకున్నవాళ్లు మళ్లీ 526 దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. హైబ్రిడ్ బ్యాటరీ మార్చాలని చెప్పే పి0ఎ80 సంగతీ అంతే. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో బ్యాటరీ వేడి 50 డిగ్రీలు దాటి కనిపిస్తే నేను ముందు ఫ్యాన్ చూస్తాను, మామూలుగా ఉంటే బ్యాటరీలోని బ్లాకులు చూస్తాను. ఆ పేజీ పోతే రెండూ చూడాల్సిందే. ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటుని మోటార్లకి తగ్గట్టు మార్చే పెట్టె) సరిగా చల్లబడటం లేదని చెప్పే పి0ఎ93 వస్తే మాత్రం బండి రెడీలో (డ్యాష్‌బోర్డు మీద READY లైటు వెలిగేలా) పెట్టి ఇన్వర్టర్ కూలెంట్ డబ్బాలోకి చూడండి. కూలెంట్ కదలడం లేదంటే పంపు మీద అనుమానపడాలి.

స్కానర్‌లో సేవ్ బటన్ ఉంటుంది కానీ నాకు దాని మీద నమ్మకం లేదు. ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీస్తాను.

ఇక ఫ్యాన్. 12 వోల్టుల బ్యాటరీ కొలిచే ఉంటారు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.2 కంటే తక్కువ చూపిస్తే ముందు దాన్ని ఛార్జ్ చేయండి, లేకపోతే అడ్డమైన కోడ్లన్నీ వస్తాయి. హై వోల్టేజ్ ఉండే నారింజ కేబుళ్ల జోలికి ఇవాళ పోవడం లేదు.

వెనక సీటు పక్కన గాలి పీల్చే జాలీ ఉంటుంది. దాని మీద పల్చటి టిష్యూ ముక్క పెట్టి, స్కానర్‌లో యాక్టివ్ టెస్ట్ (భాగాలని స్కానర్ నుంచే నడిపించే మెనూ) ద్వారా ఫ్యాన్‌ని 6వ స్పీడులో తిప్పండి. టిష్యూ జాలీకి గట్టిగా అతుక్కోవాలి. జారిపోతుంటే ఫ్యాన్ విప్పి చూడాల్సిందే. రెండో తరంలో ఫిల్టర్ లేదు. కుక్కని వెనక సీట్లో తిప్పే బళ్లలో రెక్కల మధ్య వెంట్రుకలు నమదాలా పేరుకుంటాయి. పొడి బ్రష్‌తో ఒక్కో రెక్కా దులపండి, నీళ్లు వాడకండి.

అభ్యాసం కూడా ఇవ్వాలి కదా. ప్రియస్ హైబ్రిడ్ బ్యాటరీలో 28 మాడ్యూళ్లు, జతలుగా 14 బ్లాకులు. ఇంకొకరు నడుపుతుంటే మీరు పక్కన కూర్చుని మూడు సందర్భాల్లో స్కానర్ చూపించే 14 బ్లాకుల వోల్టేజీలూ రాసుకోండి: బండి ఆగి ఉన్నప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, బ్రేకుతో బ్యాటరీ ఛార్జవుతున్నప్పుడు. మొత్తం 42 అంకెలు, అన్నీ కాగితం మీదే. తొక్కినప్పుడు అందరికంటే కిందికి పడి, ఛార్జింగులో అందరికంటే పైకి లేచే బ్లాకు ఉంటే దాని నంబరు చుట్టూ సున్నా చుట్టండి. దాంట్లో సెల్లే ముసలిదైందో, మాడ్యూళ్లని కలిపే బస్‌బార్ అనే లోహపు పట్టీకి పచ్చగా చిలుము పట్టిందో ప్యాక్ విప్పాకే తెలుస్తుంది. ఆ పని 6వ పాఠంలో. అంతవరకు ఎరేజ్ నొక్కకండి.