రాత్రి గూడ్సు బండి చిత్రీకరణ – నాలుగో పాఠం: తోక దీపం దాకా

గత పాఠంలో ట్రైపాడ్ నిలబెట్టడం, ఫోను వీడియోలో సెట్టింగులన్నీ మన చేతిలోకి తీసుకోవడం నేర్చుకున్నాం. ఇక బండి కోసం వెళ్దాం. ఈ పాఠానికి డోర్నకల్ జంక్షన్‌ను ఎంచుకున్నాను. కాజీపేట–విజయవాడ ప్రధాన మార్గంలో, కొత్తగూడెం వైపు నుంచి సింగరేణి బొగ్గు లైను వచ్చి కలిసే చోటు అది. మీ ఊరి స్టేషన్లో చేసినా పద్ధతి ఇదే.

ముందు చేయాల్సినవి చేసేయండి. ప్లాట్‌ఫాం టికెట్ రెండు గంటలే చెల్లుతుంది, కొన్న సమయం చూసుకోండి. స్టేషన్ మాస్టర్‌ను కలిసి సంగతి చెప్పండి. వద్దంటే వాదించకుండా ఇంటికి వచ్చేయండి. పట్టాల మీదికి దిగితే 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. తలపైన తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది కాబట్టి కాలినడక వంతెన మీద సెల్ఫీ కర్ర పైకెత్తవద్దు. ఫ్లాష్ ఎప్పుడూ వాడవద్దు, అది లోకో పైలట్ కళ్లలో కొడుతుంది.

గూడ్సుకు మైకులో ప్రకటన ఉండదు, గోడ మీది టైంటేబుల్‌లో వరస ఉండదు. మరి వస్తోందని ఎలా తెలుస్తుంది? ప్లాట్‌ఫాం చివర, బండి బయలుదేరే వైపున్న స్టార్టర్ సిగ్నల్‌ను చూడండి. మెయిన్ లైన్ స్టార్టర్ ఆకుపచ్చగా మారింది, ఆ వేళకు రావాల్సిన ప్రయాణికుల బండి ఏదీ లేదు అంటే, వచ్చేది దాదాపుగా గూడ్సే. స్తంభానికి ‘ఏ’ అనే అక్షరం వెలుగుతున్న సిగ్నల్‌ను మాత్రం నమ్ముకోకండి. అది ఆటోమేటిక్, ముందు దారి ఖాళీగా ఉంటే దానంతటదే ఆకుపచ్చగా మారుతుంది. లూప్ లైనులోకి, అంటే మెయిన్ లైను పక్కన బండ్లను ఆపే పట్టాల మీదికి మళ్లే బండికి, స్టేషన్‌లోకి రాకముందే ఉండే హోమ్ సిగ్నల్ మీద పసుపు దీపంతో పాటు ఏటవాలుగా అయిదు తెల్ల దీపాలు వెలుగుతాయి. అయితే ప్లాట్‌ఫాం మీద నిలబడితే మనకు ఆ సిగ్నల్ వీపే కనిపిస్తుంది. అది చూడాలంటే స్టేషన్‌కు అవతలి రోడ్డు వంతెన ఎక్కాలి.

వీటన్నిటికంటే నాకు నమ్మకమైన గుర్తు ఇంకొకటి ఉంది. స్టేషన్ సిబ్బందిలో ఒకరు చేతిలో ఆకుపచ్చ దీపంతో వచ్చి నిలబడ్డారంటే, ఆగకుండా వెళ్లే బండి దగ్గర పడిందన్నమాట. రికార్డు బటన్ అప్పుడే నొక్కండి. హెడ్‌లైట్ కనిపించాక నొక్కినవారు అప్పటికే సగం పోగొట్టుకున్నారు: దూరంగా పట్టాల అంచున వెలుగు సన్నని గీతలా పాకడం, ఆ తర్వాతెప్పుడో మోత అందుకోవడం.

ఇక వెలుతురు సంగతి. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే హెడ్‌లైట్ పడగానే తెర అంతా నల్లబడుతుంది, ఇంజను దాటాక మళ్లీ తెల్లబడుతుంది. అందుకే బండి రాకముందే, ప్లాట్‌ఫాం దీపం కింద మెరిసే పట్టా మీద ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) రెండూ మారకుండా బిగించేయండి. హెడ్‌లైట్ కాసేపు తెల్లటి ముద్దలా కనిపిస్తుంది. కనిపించనివ్వండి, మన కళ్లకూ అలాగే ఉంటుంది కదా. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టండి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లది కాబట్టి షట్టర్ 1/50 గానీ 1/100 గానీ అయితే దీపాల మినుకు చారలుగా పడదు.

నిలబడే చోటు పసుపు గీతకు బాగా వెనక, దీపం మీ వెనక ఉండేలా చూసుకోండి. వ్యాగన్ పక్కల మీది రాతలు అప్పుడే తేలతాయి. దీపం అవతలి ప్లాట్‌ఫాం మీద ఉంటే బండి నల్లటి గోడ అయిపోతుంది. వ్యాగన్ల మధ్య సందుల్లోంచి వెలుగు టపటపా కొడుతుంది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం, పైగా వ్యాగన్లు లెక్కపెట్టడానికీ వీలు. బొగ్గు బండి అయితే అది వెళ్లిన వెంటనే లెన్సును మెత్తని గుడ్డతో కప్పండి. ఆ నుసి చాలాసేపు గాల్లోనే ఉంటుంది.

ఎంతసేపు తీయాలో ముందే లెక్క వేసుకోవచ్చు. బొగ్గు మోసే, పైకప్పు లేని బాక్స్‌ఎన్ రకం వ్యాగన్ ఒక్కొక్కటి సుమారు 10.7 మీటర్లు. అలాంటివి 58, ఇంజను, చివరన గార్డు ఉండే పెట్టె కలిపితే దాదాపు 650 మీటర్ల బండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది మీ ముందు నుంచి దాటడానికి 40 సెకన్లు, 40 కిలోమీటర్లయితే ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషమంతా నోరు మూసుకుని చెవులు తెరవండి. ఖాళీ వ్యాగన్లు డబడబలాడతాయి, నిండువి నేలను అదిమినట్టు బరువుగా మోగుతాయి. ఒకే లయలో దబ్‌దబ్ మని వినిపిస్తే ఏదో చక్రం ఒకచోట అరిగి చదునైంది.

మొదటి ఏడాది నేను తీసినవన్నీ ఇంజను దాటగానే ఆగిపోయాయి. పన్నెండు వేల హార్స్‌పవర్ కరెంటు ఇంజను డబ్ల్యూఏజీ-12 ఎదురుగా వెళ్తుంటే ఇంకేం కావాలి అనుకునేవాణ్ని. ఒక రాత్రి ఆకుపచ్చ దీపం పట్టుకున్న ఆయనే నన్ను అడిగారు: “అసలైనది చూడకుండానే కట్టేస్తారేం?” ఆయన అక్కడ నిలబడేది ఇంజనును చూడటానికి కాదు, చివర ఎర్ర దీపం ఉందో లేదో చూడటానికి. అది లేదంటే బండి దారిలో ఎక్కడో తెగి, కొన్ని వ్యాగన్లు వెనకే ఉండిపోయి ఉండవచ్చు. అప్పుడు వెనక వచ్చే బండిని ఆపాలి. గార్డును ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆయన పెట్టె గుమ్మం నుంచి ఊపే ఆకుపచ్చ దీపం కూడా అక్కడే, ఆ చివరి రెండు సెకన్లలోనే దొరుకుతుంది.

ఈ వారం అభ్యాసం: ఒకే ఒక్క బండి తీయండి. హెడ్‌లైట్‌కు ముందు పది సెకన్లు, ఎర్ర దీపం మలుపులో కలిసిపోయాక మరో పది సెకన్లు ఉండాలి. ఇంటికి వచ్చి తెర చూడకుండా శబ్దం మాత్రమే విని, నిండు బండో ఖాళీదో రాసుకోండి. ఆ తర్వాత వీడియో చూసి సరిచూసుకోండి. అయిదో పాఠంలో లూప్ లైనులో ఆగి ఉన్న గూడ్సు దగ్గరికి వెళ్తాం. వ్యాగన్ పక్కన పదకొండు అంకెల సంఖ్య ఉంటుంది, అందులో అయిదు, ఆరు అంకెలు అది తయారైన సంవత్సరం. ఒక నోటు పుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి.