పల్లీలకు కరకరలాడే తొడుగు – 3వ పాఠం: పొర మీద పొర

పోయిన పాఠంలో పావుకిలో పల్లీలు ఏరి, తొక్క తీసి పెట్టుకున్నాం. తొక్క ఎందుకు తీయాలని ఒకరిద్దరు అడిగారు. వేయించేటప్పుడు తొక్క ఊడితే దాంతోపాటే పైన వేసిన పొర కూడా ఊడుతుంది, అందుకని.

మనం చేస్తున్నది నెదర్లాండ్స్‌లో 'బోరెల్‌నోట్యెస్' అనే చిరుతిండి. సాయంత్రం నలుగురు చేరి ఒక గ్లాసు పుచ్చుకుంటూ కబుర్లాడటాన్ని డచ్చివాళ్లు 'బోరెల్' అంటారు. 'నోట్యెస్' అంటే చిన్న గింజలు. అక్కడి సూపర్‌మార్కెట్లలో వీటి పక్కనే 'కాచాంగ్ పెడిస్' అని కారం పల్లీల ప్యాకెట్లూ ఉంటాయి. ఆ పేరు ఇండోనేషియా భాషది. కాచాంగ్ అంటే పల్లీ, పెడిస్ అంటే కారం. వలస పాలించిన దేశం నుంచి వంటలతో పాటు మాటలు కూడా తెచ్చుకున్నారన్నమాట.

మన పల్లీ పకోడీ తెలిసినవాళ్లకు ఇదేం కొత్త అనిపించవచ్చు. అక్కడే నేనూ పొరపడ్డాను. మొదటిసారి పిండి, నీళ్లు, పల్లీలు అన్నీ ఒకేసారి కలిపేశాను. వచ్చింది పకోడీయే! రుచికి లోటు లేదు కానీ గింజ గింజకీ విడివిడిగా నున్నటి గుల్ల రాలేదు. ఫ్యాక్టరీలో తిరిగే డ్రమ్ములో గింజలు దొర్లుతుంటే కాస్త పాకం, కాస్త పిండి మార్చి మార్చి చల్లుతారు. మనకు డ్రమ్ము బదులు వెడల్పాటి స్టీలు బేసిన్ చాలు.

100 గ్రాముల మైదా, 50 గ్రాముల కార్న్‌ఫ్లోర్, చిటికెడు బేకింగ్ పౌడర్ కలిపి జల్లించండి. పావు కప్పు వేడినీళ్లలో మూడు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కరిగించి చల్లారనివ్వండి.

బేసిన్‌లో పల్లీలు వేసి ఒక్క చెంచా పంచదార నీళ్లు చల్లి, బియ్యంలో రాళ్లు గాలించినట్టు గుండ్రంగా తిప్పండి. గింజలన్నీ తడిగా మెరవాలి, అడుగున నీళ్లు నిలవకూడదు. అప్పుడు రెండు చెంచాల పిండి చల్లి మళ్లీ తిప్పండి. ఇక్కడ చెవి పెట్టి వినండి. తడిగా ఉన్నప్పుడు గింజలు పెద్దగా చప్పుడు లేకుండా మెత్తగా దొర్లుతాయి. పిండి పట్టాక గలగలమంటాయి. ఆ గలగల వినపడ్డాకే తర్వాతి చెంచా నీళ్లు. రెండు గింజలు అతుక్కుంటే వేళ్లతో విడదీయండి, అంతేగాని ఇంకా నీళ్లు పోయకండి.

ఇలా ఆరేడు సార్లు చేయాలి. చేతులు పీకుతాయి, నిజమే. కానీ గుల్లదనమంతా ఈ ఓపికలోనే ఉంది. పొరలో చిక్కుకున్న తేమ వేడికి ఆవిరై పిండిని బయటికి నెడుతుంది. ఆ ఉబ్బిన పిండి అలాగే ఎండి గట్టిపడుతుంది. ఒకేసారి మందంగా పట్టిస్తే లోపల పచ్చిగా, ముద్దగా మిగులుతుంది.

కోలగా ఉన్న పల్లీ దాదాపు గుండ్రంగా కనపడితే ఆపేయండి. కాస్త పిండి మిగిలినా ఫరవాలేదు. జల్లెడలో ఒకసారి ఆడించి, పొడి గుడ్డ మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి 20 నిమిషాలు వదిలేయండి.

ఈలోపు మూకుడు పొయ్యి మీద పెట్టేయకండి, ముందు 4వ పాఠం చదవండి. ఇవి బాగా కాగిన నూనెలో వేసేవి కావు.