తోటలో ఉడుతల బెడదను అడ్డుకోవడం ఎలా?

ఉడుతలను తోటలోకి రాకుండా బెదరగొట్టవచ్చునని నమ్మి డబ్బూ శ్రమా పోగొట్టుకునేవారు చాలామంది ఉన్నారు. మెరిసే రిబ్బన్లు, ప్లాస్టిక్ గుడ్లగూబలు, మన చెవికి వినిపించని ధ్వనిని వెలువరించే పరికరాలు మహా అయితే కొద్ది రోజులు పనిచేస్తాయి. వాటివల్ల తనకు హాని లేదని తెలిసిన తరువాత ఉడుత వాటి పక్కనే కూర్చుని కాయ కొరుకుతుంది. కాబట్టి చేయవలసిన పని ఒక్కటే: కాయకూ ఉడుతకూ మధ్య అది కొరకలేని, దూరలేని అడ్డును నిలపాలి. ఆ అడ్డు ఇనుప జాలీయే అయి ఉండాలి.

ముందుగా, నష్టం చేస్తున్నది ఉడుతేనా అన్నది తేల్చుకోండి. తోటల్లో తిరిగే మామూలు ఉడుతలు పగటి జీవులు. చీకటి పడేవరకూ బాగున్న కాయ తెల్లవారేసరికి కొరికి ఉంటే అది ఎలుక పనో, గబ్బిలం పనో అయి ఉంటుంది. దానికి మార్గం వేరు.

కావలసినవి: అర అంగుళం కన్ను (రంధ్రం) గల, గాల్వనైజ్ చేసిన (తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన) వెల్డెడ్ జాలీ (తీగలు కలిసే ప్రతిచోటా అతికి ఉన్నది), చట్రానికి కర్రలు లేదా ఇనుప గొట్టాలు, కట్టుతీగ, కటింగ్ ప్లేయరు, చేతి తొడుగులు. జాలీ తీగ దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉంటే చాలు. చవకగా దొరుకుతుందని నైలాన్ వల మాత్రం కొనకండి. ఉడుత ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక వాటిని అరగదీసుకోవడానికి అది నిరంతరం ఏదో ఒకటి కొరుకుతూ ఉండవలసిందే. నైలాన్ పోగు దానికి లెక్కలోనిది కాదు. పైగా వదులుగా వేలాడే వలలో పక్షులూ పాములూ చిక్కుకుని చనిపోతాయి.

చట్రం కట్టడం తేలిక. మడి చుట్టూ గుంజలు పాతి, పైన అడ్డకర్రలు బిగించి, నాలుగు పక్కలా పైనా జాలీ పరచండి. మొక్క పూర్తిగా ఎదిగే ఎత్తుకన్నా చట్రం ఒక అడుగు ఎక్కువ ఉండాలి. పైకప్పు లేని కంచె ఉడుతకు అడ్డే కాదు.

అసలు కష్టం అంచుల దగ్గర ఉంది. నేను చూసిన విఫలమైన జాలీలలో మధ్య భాగం తెగినవి అరుదు. దాదాపు అన్నీ అంచుల దగ్గరే ఓడిపోయాయి. జాలీని నేల వరకూ దించి, దానిపై నాలుగు రాళ్ళు పెట్టి ఊరుకుంటే, మట్టి కాస్త కుంగిన చోట ఉడుత తవ్వి లోపలికి వస్తుంది. అందువల్ల గుంజల వెంట ఒక అడుగు లోతు కాలువ తీసి, జాలీని అందులోకి దించి, అడుగున అర అడుగు మేర బయటి వైపుకు మడవండి. లోపలి వైపుకు మడవకూడదు. తవ్వే జంతువు గోడను ఆనుకునే తవ్వుతుంది కనుక, బయటికి మడిచిన జాలీ నేరుగా దాని కాళ్ళ కిందికి వచ్చి ఆ ప్రయత్నాన్ని ఆపుతుంది. మట్టి పూడ్చాక తొక్కి గట్టిపరచండి. వదులు మట్టి తవ్వడానికి పిలిచినట్లే ఉంటుంది.

రెండు జాలీ ముక్కలు కలిసే చోట అంచుకు అంచు ఆనించడం చాలదు. ఒకదానిపై మరొకటి కనీసం మూడు అంగుళాలు ఎక్కించి, జానెడుకు ఒకటి చొప్పున కట్టుతీగతో ముడి వేయండి. తలుపు దగ్గర మరింత జాగ్రత్త అవసరం: తలుపుకూ చట్రానికీ మధ్య సందు జాలీ కన్నుకన్నా పెద్దదైతే అంతవరకూ చేసిన పనంతా వృథా అవుతుంది. తలుపు చట్రంలోపల ఇమిడేలా కాక, దానిపైకి వచ్చి మూసుకునేలా అమర్చడమే సరైన పద్ధతి.

ఆఖరి ముడి వేసే ముందు లోపల ఉడుత గానీ, గూట్లో పిల్లలు గానీ ఉన్నాయేమో తప్పక చూడండి. తల్లిని బయట ఉంచి మూసేస్తే పిల్లలు ఆకలితో చనిపోతాయి. పిల్లలు ఉంటే అవి వాటంతట అవి తిరిగేవరకూ ఆ పక్క తెరిచి ఉంచడం మన బాధ్యత. విషం పెట్టడం ఏ పరిస్థితిలోనూ తగదు. ఆ విషం తిన్న జంతువును తిన్న పిల్లీ గుడ్లగూబా కూడా బలవుతాయి. పట్టి దూరంగా వదిలినా ఖాళీ అయిన చోటికి మరో ఉడుత వస్తుంది.

తేనెటీగలు అర అంగుళం కన్నులోంచి వెళ్ళగలవు గానీ పెద్ద తుమ్మెదలకు అది చాలదు. గుమ్మడి వంటి తీగలకు పువ్వు విచ్చుకునే ఉదయం వేళ చేతితో పుప్పొడి అంటించండి.

పండ్ల చెట్టును జాలీలో పెట్టలేము కనుక, కాండం చుట్టూ నేల నుంచి 6 అడుగుల ఎత్తులో, 2 అడుగుల వెడల్పు గల నున్నని రేకు చుట్టి, స్ప్రింగులతో వదులుగా బిగించండి. మేకులు కొట్టకూడదు, కాండం లావెక్కేకొద్దీ స్ప్రింగులు సాగి రేకు వదులు కావాలి, లేకపోతే చెట్టుకే ఉరి అవుతుంది. పక్క చెట్టు నుంచీ గోడ నుంచీ 8 అడుగుల లోపు ఉన్న కొమ్మలను కత్తిరించకపోతే ఈ రేకు వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే ఉడుత కాండం జోలికే రాకుండా పైనుంచి దూకి వస్తుంది.

కుండీల్లో విత్తనం నాటిన రోజునే మట్టిపై జాలీ ముక్క పరచి, మొలకలు దానికి తగిలే ముందు తీసేయండి. చాలామంది చల్లే కారం పొడి ఘాటు ఉడుతకు తెలుస్తుంది, కానీ ఒక్క వానకు కొట్టుకుపోతుంది. గట్టి వాన పడిన ప్రతిసారీ మీరు చూడవలసింది జాలీ అడుగు అంచును; మట్టి కోసుకుపోయి జాలీ బయటపడిన చోట అదే రోజు పూడ్చి తొక్కండి.