మండలంలో సైన్స్ టీచర్లకు తోడు నిలిచే బృందం కట్టడం ఎలా

జిల్లా మొత్తాన్ని ఒకేసారి తలకెత్తుకోకండి. ఒక మండలంతో మొదలుపెట్టండి. ఎనిమిది హైస్కూళ్లున్న మండలమైతే, బడికి ఒక ఫిజికల్ సైన్స్, ఒక బయోసైన్స్ చొప్పున పదహారు మంది టీచర్లు. వాళ్లకు పది, పన్నెండు మంది సాయకులు చాలు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 'వలంటీర్' అని పరిచయం చేసుకోవద్దు. 2019 నుంచి ఆ మాట వింటే జనానికి గ్రామ, వార్డు వలంటీర్లే గుర్తొస్తారు. 'సైన్స్ మిత్రులు' అంటే అనుమానాలుండవు.

ఈ పనికి ఒకటే సూత్రం: సాయం టీచరుకు, పాఠం టీచరుది. బయటివాళ్లు వచ్చి అద్భుతంగా ప్రయోగం చేసి వెళ్లిపోతే పిల్లలు చప్పట్లు కొడతారు, మర్నాడు అదే తరగతిలో టీచరు చిన్నబోతారు. అలాంటి ప్రదర్శనలు ఎన్ని చేసినా బడిలో ఏమీ మారదు.

ముందుగా టీచర్లను మూడు ప్రశ్నలడగండి. వచ్చే నెలలో చెప్పబోయే పాఠం ఏది? అందులో చేయించలేకపోతున్న ప్రయోగం ఏది? కారణం సామాను లేకపోవడమా, పీరియడ్ చాలకపోవడమా, ఇంతవరకు స్వయంగా చేసి చూడకపోవడమా? మూడో కారణాన్ని కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశంలో, అందరి ముందూ ఎవరూ ఒప్పుకోరు. ఒంటరిగా, స్టాఫ్ రూమ్ బయట అడగండి. ఎక్కువ పని బయటపడేది అక్కడే.

అనుమతి కాగితం మీదే ఉండాలి. ఎంఈఓకు (మండల విద్యాధికారి) ఒక లేఖ, ప్రతి హెచ్‌ఎంకు (ప్రధానోపాధ్యాయులు) ఒక లేఖ ఇవ్వండి. వచ్చేవారి పేర్లు, వచ్చే రోజులు, చేయించే ప్రయోగాలు అందులో రాయండి. టీచరు లేకుండా ఏ సాయకుడూ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. పిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు తీసుకోకూడదు. పదో తరగతి పిల్లల నంబర్ల కోసం కాలేజీల తరఫున తిరిగేవాళ్లు మీ బృందంలోనూ చేరాలని చూస్తారు. వాళ్లను మొదటి రోజే వద్దనండి.

సాయకులంటే రిటైరైన సైన్స్ మాస్టార్లు, డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, బీఈడీ విద్యార్థులు మాత్రమే కాదు. మైక్రోస్కోపు సరిచేయడం, స్లైడు తయారుచేయడం డయాగ్నస్టిక్ సెంటర్ ల్యాబ్ టెక్నీషియన్‌కు రోజూ చేసే పని. మల్టీమీటరు పట్టుకోవడం ఎలక్ట్రీషియన్ నేర్పుతారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు శని, ఆదివారాల్లో ఒక గంట ఆన్‌లైన్‌లో టీచర్ల సందేహాలు తీర్చవచ్చు. మనకు సాయంత్రం ఏడు అంటే అక్కడ తూర్పు తీరంలో ఉదయం ఎనిమిదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర.

ఇక సామాను పెట్టె. ఇది బైకు మీద, పల్లెవెలుగు బస్సులో వెళ్లాలి కాబట్టి ఎనిమిది కిలోలు దాటనివ్వకండి. ఒక పెట్టెలో ఒకటి రెండు పాఠాలకు సరిపడా ఉంటే చాలు. నలభై మంది తరగతిని ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లు చేస్తే, పాడైనవి పోను సరిపోయేలా పది సెట్లు పెట్టండి. ఉదాహరణకు విద్యుత్ మోటారుకు ఒక సెట్: 26 గేజీ ఎనామిల్ రాగి తీగ ఒకటిన్నర మీటరు, 1.5 వోల్టుల పెద్ద సెల్లు ఒకటి, రెండు పిన్నీసులు, ఒక రింగు అయస్కాంతం, చిన్న గరుకు కాగితం ముక్క. తీగను సెల్లు చుట్టూ పది చుట్లు చుట్టి చుట్టగా తీయాలి. ఒక కొసన ఎనామిల్ పూర్తిగా గీకాలి. రెండో కొసన ఒక పక్క మాత్రమే, అంటే సగమే గీకాలి. రెండు కొసలూ పూర్తిగా గీకితే అరచుట్టు తిరిగాక బలం దిశ ఎదురు తిరిగి చుట్ట ఊగుతుందే తప్ప తిరగదు. అసలు కదలకపోతే ఎనామిల్ ఇంకా మిగిలి ఉందన్నమాట. చుట్ట నిరోధం చాలా తక్కువ కాబట్టి తీగ, సెల్లు త్వరగా వేడెక్కుతాయి. పది, పదిహేను సెకన్లకు మించి కలిపి ఉంచొద్దు.

నీటి విద్యుద్విశ్లేషణలో, అంటే కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడంలో, జరిగే తప్పు మరోటి. 9 వోల్టుల బ్యాటరీ, రెండు పెన్సిల్ ములుకులు పెట్టి, దొరుకుతుంది కదా అని నీళ్లలో ఉప్పు వేస్తారు. అప్పుడు ఆనోడు (బ్యాటరీ ప్లస్ కొసకు కలిపిన ములుకు) దగ్గర ఆక్సిజన్‌కు బదులు క్లోరిన్ వస్తుంది. పీలిస్తే హాని, పైగా వాయువుల నిష్పత్తీ తప్పుతుంది. ఉప్పు బదులు సజల (నీళ్లు కలిపి పలుచన చేసిన) సల్ఫ్యూరిక్ ఆమ్లం కొన్ని చుక్కలు టీచరే వేయాలి. ఆమ్లాన్ని సజలం చేసేటప్పుడు ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో ఎన్నడూ పోయకూడదు. ఆకులో పిండిపదార్థం పరీక్షకు స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెట్టవద్దు. వేడినీళ్ల గిన్నెలో పరీక్షనాళిక ఉంచాలి.

వానాకాలంలో లిట్మస్ కాగితాలు గాలి చొరని డబ్బాలో పెట్టండి. మెగ్నీషియం తీగ బూడిదరంగుకు మారి అంటుకోకపోతే గరుకు కాగితంతో రుద్దితే చాలు.

తరగతికి ముందురోజు బడి వదిలాక టీచరు, సాయకుడు కలిసి ప్రయోగం మొత్తం ఒకసారి చేయాలి. సమయం లేదని ఎక్కువమంది వదిలేసేది ఈ అడుగునే. తరగతిలో ప్రయోగం ఎక్కువగా చెడేదీ ఇది వదిలేసినప్పుడే. మర్నాడు టీచరే నడుపుతారు. సాయకుడు వెనక బెంచీల దగ్గర నిలబడి ఆగిపోయిన జట్లకు చేయందిస్తాడు. 45 నిమిషాల్లో ఐదు నిమిషాలు సూచనలకు, పాతిక ప్రయోగానికి, పది చర్చకు, చివరి ఐదు సామాను లెక్కకు. ఆ లెక్క బెల్లు కొట్టాక పెట్టుకుంటే అయస్కాంతాలు తిరిగి రావు.

పెట్టె ఒక బడిలో ఒక వారం ఉండాలి. స్టాక్ రిజిస్టరులో ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, విరిగినవి, అయిపోయినవి రాయాలి. విరిగినదానికి టీచరు జేబులోంచి డబ్బు తీసుకోవద్దు. ఆ భయం ఉంటే పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

నెలకొకసారి రెండు గంటల కూడిక ఉండాలి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో పదహారు బడులతో మొదలై 2002 దాకా నడిచిన సైన్స్ బోధన కార్యక్రమానికి టీచర్ల నెలవారీ సమావేశాలు ఊపిరి. కూడికలో ఉపన్యాసాలు వద్దు. గత నెల చెడిపోయిన ఒక ప్రయోగాన్ని బల్ల మీద పెట్టి అందరూ విప్పి చూడాలి.

ఏప్రిల్, మే నెలల్లో సాయకుల్ని, సామాన్ని కూర్చుకుని, బడులు తెరిచాక జూలై నుంచి వెళ్లండి. జనవరి దాటితే పదో తరగతి జోలికి పోవద్దు, పరీక్షల ఒత్తిడి ఉంటుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు అదే మంచి కాలం. సైన్స్ ఫెయిర్ల వేళ మాత్రం నిక్కచ్చిగా ఉండండి. నమూనా సాయకుడు చేసి పిల్లాడి పేరు రాయడం ఒప్పుకోకండి.

కూడికను సాయకులు లేకుండా టీచర్లే వరుసగా మూడు నెలలు నడిపాక పక్క మండలానికి వెళ్లండి. అక్కడికి మొదటి పెట్టెను తీసుకెళ్లే పని ఈ మండలం టీచర్లలో ఇద్దరికి అప్పగించండి.