పాత ఊరిని చదువుదాం – 3: చర్చి గోడ, పక్క గల్లీ అరుగులు

పోయిన పాఠంలో దర్వాజలు, కిటికీలు చూశాం. ఈసారి గోడలు. చోటు మహబూబ్‌నగర్‌లోని పాత మిషన్ చర్చి, దాని వెనక గల్లీలు. పొద్దున్నే బయల్దేరండి, ఏటవాలు ఎండలో గోడ ఎగుడుదిగుళ్లు తేటగా కనిపిస్తాయి. ఆదివారం మాత్రం వద్దు. ఆరాధనకు వచ్చేవాళ్ల మధ్య గోడలు తడుముతూ తిరిగితే బాగుండదు.

ముందు శిలాఫలకం. సంవత్సరం కనబడగానే మురిసిపోకండి, అది కట్టిన ఏడాదో, మరమ్మతు చేసిన ఏడాదో చూడండి. ఇక్కడ మిషన్ పని మొదలుపెట్టింది అమెరికన్ బాప్టిస్టులు. 1937లో మెన్నోనైట్ బ్రదరెన్ అనే మరో క్రైస్తవ సంఘం వాళ్లకు అప్పగించారు. కాబట్టి సంవత్సరం చెరిగిపోయినా, సంఘం పేరు మిగిలి ఉంటే కాలం కొంత అందుతుంది.

ఇక అసలు పని. వంగి, మోకాలెత్తు దాకా గోడ అడుగు చూడండి. పాత గోడలు రాయి, డంగు సున్నంతో (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) కట్టినవి. సున్నం చెమ్మను పీల్చుకుని ఎండకు వదిలేస్తుంది. తర్వాతెవరో గట్టిగా ఉంటుందని పైన సిమెంటు పూస్తారు. నేల నుంచి ఎక్కిన చెమ్మకు బయటికి దారి ఉండదు. అది మోసుకొచ్చిన ఉప్పు పూత వెనకే పేరుకుంటుంది. తెల్లటి పొడి, ఊడే పెచ్చులు అందుకే. పెచ్చు ఊడిన చోట రాళ్ల సందుల్లోకి చూడండి: ఒకే తీరు బూడిద రంగైతే సిమెంటు. తెల్లగా ఉండి, మధ్యమధ్య సున్నపు గడ్డలు కనిపిస్తే డంగు సున్నం. గోళ్లతో గీకొద్దు. వేలి కణుపుతో మెల్లగా తట్టండి, డొల్ల మోత వస్తే పూత గోడను వదిలేసినట్టే.

గల్లీలో ఇదే పరీక్ష అరుగుల దగ్గర చేయండి. పాత అరుగుకు టైల్స్ అతికిస్తే నాకు మనసొప్పదు గానీ, ఇల్లు వాళ్లది, కడిగే చాకిరీ కూడా వాళ్లదే. అరుగు మీద పెద్దమ్మ ఎవరైనా కూర్చుంటే, "అమ్మా, ఈ గోడ ఎప్పటిది?" అని అడగండి. "మా పెద్దోడు పుట్టకముందుది" అనొచ్చు. పెద్దోడి వయసు కూడా అడిగి రాసుకోండి.

ఇంటిపని: మీ దగ్గర్లోని పాత గోడ ఒక్కటి చాలు. బొమ్మ గీసి, తడి మరక ఎక్కడి దాకా ఎక్కిందో గీత పెట్టండి. గట్టి వాన పడ్డ మర్నాడు మళ్లీ చూడండి. మరక పైనుంచి కిందికి దిగుతుంటే అది నేల చెమ్మ కాదు, పెంకుల్లోంచి కారుతోంది. కప్పుల సంగతి నాలుగో పాఠంలో.