సెప్సిస్‌ను ఇంట్లోనే పసిగట్టడం, 3వ పాఠం: ఊపిరి లెక్కపెట్టడం

కిందటి పాఠంలో జ్వరం చూసి టైముతో సహా నోట్‌బుక్‌లో రాయడం నేర్చుకున్నాం. ఈసారి ఊపిరి. సెకన్ల ముల్లున్న వాచీ ఉంటే చాలు.

మనిషి కుదురుగా పడుకున్నప్పుడు, మీరు లెక్కపెడుతున్నారని తెలియకుండా (తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది), నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని పొట్ట వైపు చూడండి. లేచి దిగితే ఒకటి. నిమిషం నిండా లెక్కపెట్టాలి, పావు నిమిషం చూసి నాలుగుతో గుణించకండి, ఒక్కటి తప్పినా నాలుగు తప్పినట్టే.

పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉండి 22 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. పసిపిల్లల లెక్క వేరు: రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 వచ్చిందంటే వేగంగా ఉన్నట్టే. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు చూడొద్దు.

సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన మన రక్షణ వ్యవస్థే అదుపు తప్పి సొంత అవయవాలను దెబ్బతీయడం. అవయవాలకు ఆక్సిజన్ చాలక రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, దాన్ని వదిలించుకోవడానికి ఒళ్లు ఊపిరి వేగం పెంచుతుంది. జ్వరం లేకపోయినా ఇది జరగొచ్చు, ముసలివాళ్లలో ఒక్కోసారి ఒళ్లు చల్లబడుతుంది కూడా.

మా అమ్మమ్మకు అదే జరిగింది. షుగరు, దానికి తోడు మూత్రంలో ఇన్ఫెక్షన్. ఆ రాత్రి ఎప్పుడో పోయిన తాతయ్యకు అన్నం వడ్డించమని మళ్లీమళ్లీ అడుగుతుంటే వయసు చాదస్తం అనుకున్నాం, జ్వరం లేదు కదా అని పడుకున్నాం. ఆయాసపడుతోందని అందరికీ తెలుసు, లెక్కపెట్టింది మాత్రం ఎవరూ లేరు. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి బతికి వచ్చింది గానీ, తన పనులన్నీ తనే చేసుకునే మనిషికి స్నానానికి కూడా తోడు కావలసి వచ్చింది, అమ్మ ఉద్యోగం మానేసింది. అందుకే అంకె 20 లోపే ఉన్నా మాట తేడాగా ఉంటే వదిలేయకండి.

108కి ఫోన్ చేసినా, ఆసుపత్రిలో అయినా ‘బాగోలేదండీ’ అని ఊరుకోకండి. ‘డాక్టర్ గారూ, నాలుగు రోజులుగా మూత్రంలో ఇన్ఫెక్షన్, పదింటికి ఊపిరి 18, ఇప్పుడు 26, మనిషిలో మగత ఉంది, పొద్దుట్నుంచి మూత్రం రాలేదు, ఇది సెప్సిస్ కావచ్చా?’ అని నోట్‌బుక్ చూపించి అడగండి. ఇంగ్లండ్‌లో 2021లో 13 ఏళ్ల మార్తా మిల్స్ సెప్సిస్‌తో చనిపోయింది, తల్లిదండ్రులు భయపడి చెప్పిన మాటను పట్టించుకోలేదు. ఇంటివాళ్లు అడిగితే వేరే వైద్య బృందం వచ్చి చూసే మార్తా రూల్ 2024లో అక్కడి ఆసుపత్రుల్లో మొదలైంది. అడగడానికి మొహమాటపడకండి.

వచ్చే పాఠంలోగా మూడు రాత్రులు ఇంట్లో ప్రతి ఒక్కరి ఊపిరీ లెక్కపెట్టి పేరు పక్కన రాయండి. ఒంట్లో బాగున్నప్పటి అంకె తెలిస్తేనే ఎంత పెరిగిందో చెప్పగలం. ఆ తర్వాత గోరు నొక్కి రక్తప్రసరణ చూడడం నేర్చుకుందాం.